చదును చేయకముందే చదవండి: పాత ఫ్యాక్టరీ స్థలంలో కాలుష్యాన్ని అంచనా వేయడం ఎలా?

విశాఖలో మూతపడిన ఫ్యాక్టరీ స్థలం చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని జేసీబీ దింపడం. తుప్పలు కొట్టించి, పాత పునాదులు పగలగొట్టించి, పైన అడుగు మందాన గ్రావెల్ పోయించి, చుట్టూ ప్రహరీ లేపితే స్థలానికి కళ వస్తుంది. కానీ ఆ రెండు రోజుల పనితోనే ఆ నేల గురించి తెలుసుకోవడానికి ఉన్న ఆధారాల్లో సగం పోతాయి. ఏ తొట్టి కింద మట్టి రంగు మారింది, ఏ మూల గడ్డి మొలవలేదు, డ్రమ్ములు ఎక్కడ పేర్చేవారు అన్న సంగతులు ఇక ఎవరికీ కనబడవు. పైగా ఒక మూలన పడి ఉన్న విషాన్ని స్థలమంతా పులిమినట్టు అవుతుంది. అందుకే మిగతా అడుగులు ముందూ వెనకా అయినా ఫరవాలేదు కానీ, నేలను చదును చేయకముందే చదవాలి.

ఇది ముఖ్యంగా ఐదారు ఎకరాల లోపు స్థలాల కోసం రాస్తున్నాను. 1933లో ఓడరేవు, 1941లో సింధియా షిప్‌యార్డు, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల ఫ్యాక్టరీ, 1977లో జింక్ స్మెల్టర్ (ఖనిజం నుంచి జింకు తీసే కర్మాగారం) ఇలా వరసగా వచ్చిన ఊరు మనది. ఆ స్మెల్టర్ 2012లో ఉత్పత్తి ఆపేసింది. ఇంతటి పెద్ద పరిశ్రమల విషయంలో కనీసం ఫైళ్లు ఉంటాయి, అధికారుల తనిఖీలు ఉంటాయి. నా బెంగంతా వాటిని ఆనుకుని పుట్టి, పాతికేళ్లు నడిచి, చప్పుడు లేకుండా మూతపడిన చిన్న యూనిట్ల గురించి. ఇనుముకు జింకు పూత వేసే గాల్వనైజింగ్ షెడ్లు, లోహాలకు క్రోమియం, నికెల్ పూత వేసే ప్లేటింగ్ దుకాణాలు, పాత బ్యాటరీలు కరిగించిన కొలుములు, వాడేసిన ఇంజన్ ఆయిల్ మరిగించిన పెరళ్లు. ఇప్పుడు అపార్టుమెంట్లు లేస్తున్నది ఎక్కువగా ఇలాంటి చోట్లే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య పారిశ్రామిక ప్రాంతాలను గుర్తించినప్పుడు ఆ జాబితాలో విశాఖ కూడా ఉందని మరవకండి.

ముందు కాగితాలు

సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం తీయించండి. బ్యాంకు అడిగే పదమూడేళ్లదో, ముప్పై ఏళ్లదో సరిపోదు. దొరికినంత వెనక్కి వెళ్లండి. కొన్నవారి, అమ్మినవారి పేర్లలోనే వ్యాపారం తెలిసిపోతుంది. మెటల్ ఫినిషర్స్, కెమికల్స్, బ్యాటరీస్ లాంటి మాట కనబడితే అక్కడ ఆగి ఆ ఏళ్లు రాసుకోండి.

తర్వాత ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), పాత గ్రామ పటం చూడండి. వీటిని చూసేది హద్దుల కోసం మాత్రమే కాదు. స్థలంలో ఒకప్పుడు గెడ్డ (వాగు) పోరంబోకు గానీ, చెరువు గర్భం గానీ ఉందేమో గమనించాలి. పల్లం ఉన్న ప్రతిచోటా ఎవరో ఒకరు ఏదో ఒకటి పోసి పూడ్చి ఉంటారు. మన లోపలి ఓడరేవే ఉప్పుటేటి బాడవను తవ్వి కట్టినది. దాని చుట్టుపక్కల నేల చాలావరకు ఎక్కడినుంచో తెచ్చి పోసిన మట్టి. ఆ మట్టితోపాటు బూడిద, చిట్టెం కూడా వచ్చి ఉండవచ్చు.

కాలుష్య నియంత్రణ మండలి ఆ యూనిట్‌కు ఇచ్చిన అనుమతి పత్రాల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఏ ముడిసరుకు వాడారు, ఏ వ్యర్థం ఎంత వస్తుంది, ఎక్కడికి పంపాలి అన్నవి అందులో ఉంటాయి. పెట్రోలు, డీజిలు నిల్వ ఉండి ఉంటే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు పటంలో భూగర్భ ట్యాంకు ఎక్కడుందో గీసి ఉంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలను ఏడాదివారీగా వెనక్కి తిప్పుతూ చూడటం ఖర్చు లేని పని. షెడ్డు వెనక ఏటేటా పెరుగుతూ పోయిన నల్లమచ్చ ఒక్కటి దొరికినా ఆ సాయంత్రం వృథా పోనట్టే.

ఏ పని జరిగిందో తెలిస్తే ఏ విషాన్ని వెతకాలో తెలుస్తుంది. గాల్వనైజింగ్ అంటే జింకు, సీసం, ఆమ్లం. ప్లేటింగ్ అంటే ఆరు వేలెన్సీ క్రోమియం, నికెల్, సైనైడ్. బ్యాటరీలంటే సీసం, గంధకామ్లం. గ్యారేజీ, బంకు అంటే బెంజీన్, డీజిలు. లోహపు భాగాల జిడ్డు కడిగిన చోట ట్రైక్లోరోఇథిలీన్. పాత ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉంటే దాని నూనెలో పీసీబీలనే విష రసాయనాలు ఉన్నాయేమో చూడాలి. జింకు ఉన్నచోట కాడ్మియం కూడా అడగండి. ఖనిజంలోనే ఆ రెండూ జంటగా ఉంటాయి.

తర్వాత మనుషులు

ఈ అడుగును ఎవరూ వదలవద్దని చేతులు జోడించి చెబుతాను. కొన్నేళ్ల కిందట గాజువాక వైపు మూతపడిన గాల్వనైజింగ్ షెడ్డు ఒకటి చూడటానికి వెళ్లాను. కొన్నవారి దగ్గరున్న ప్లానులో ఉత్తరం గోడ వారగా ఒకే ఒక ఆమ్లపు తొట్టి గీసి ఉంది. అక్కడ పాతికేళ్లు పనిచేసి మానేసిన పెద్దాయనను టీ దుకాణం యజమాని పట్టుకొచ్చాడు. భుజం మీద తుండు, చేతిలో కర్ర. తొట్టి వైపు కన్నెత్తి కూడా చూడకుండా తిన్నగా దక్షిణం మూలనున్న వేపచెట్టు దగ్గరికి నడిచి, కర్రతో నేల మీద పొడిచాడు.

"అది తనిఖీకొచ్చినవాళ్లకు చూపించే తొట్టి బాబూ. వాడేసిన ఆసిడ్ రాత్రిపూట ఇక్కడ గోతిలో పోసేవాళ్లం. పైన రెండు మూటల సున్నం జల్లి కప్పేసేవాళ్లం."

తవ్వించాం. నాలుగడుగుల లోతున చాకుతో గీసినట్టు తెల్లటి సున్నపు చార. దాని కింద మట్టి తుప్పు రంగులో, నడుమ నడుమ పచ్చటి జీరలతో ఉంది. తడి చేసి పీహెచ్ కాగితం అద్దితే ఎర్రబడింది. ఆ స్థలం మొత్తంలో జింకు అన్నిటికంటే ఎక్కువ తేలింది ఆ గోతిలోనే. ప్లానును నమ్ముకుని ఉంటే అక్కడ పిల్లల ఆటస్థలం వచ్చేది. కొన్నవారి నమూనాలో దక్షిణం మూల పార్కుకే వదిలారు.

ఇలాంటివారిని అడిగే పద్ధతి ఒకటుంది. వ్యర్థాలు ఎక్కడ పారబోశారని ముఖం మీద అడిగితే ఎవరూ చెప్పరు. తమ మీదికి వస్తుందేమోనన్న భయం ఉంటుంది. వాన పడితే షెడ్డులో నీళ్లు ఎటు పోయేవి? డ్రమ్ములు ఎక్కడ కడిగేవారు? ఏ మూలకు వెళితే కళ్లు మండేవి? మేకలు ఎక్కడ మేసేవి కావు? ఇలా అడగండి. షెడ్డు ఊడ్చిన ఆడవాళ్లకు సూపర్‌వైజర్ కంటే ఎక్కువ తెలుసు. తుక్కు కొన్న వ్యాపారికి ఏ ట్యాంకు అడుగున చిల్లులు పడ్డాయో గుర్తుంటుంది. చెప్పినవారి పేర్లు మాత్రం నివేదికలోకి ఎక్కించకండి.

కళ్లతో నడవడం

స్థలమంతా రెండుసార్లు నడవండి, ఎండలో ఒకసారి, వాన వెలిసిన మర్నాడు ఒకసారి. సర్కారు తుమ్మ ఎక్కడైనా మొలుస్తుంది. అది కూడా మొలవని మచ్చ కనబడితే జెండా పాతండి. గచ్చు సిమెంటు కరిగి కంకర పళ్లలా బయటపడితే అక్కడ ఆమ్లం కారినట్టు. నేలలోంచి నిటారుగా లేచి పైన వంపు తిరిగిన ఇనుప గొట్టం కనబడితే అది భూగర్భ ట్యాంకు గాలిగొట్టం కావచ్చు. ఆస్‌బెస్టాస్ రేకులను పగలగొట్టనివ్వకండి. పొడిగా విరిగినప్పుడు లేచే నూగే ఊపిరితిత్తులకు చేటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విరిచి పారేసిన రేకుల ముక్కలు ఇప్పటికీ మట్టిలో దిగబడి దొరికే స్థలాలు ఉన్నాయి.

నిలిచిన నీటి మీద ఇంద్రధనుస్సు తెట్టు కనబడగానే చమురని కంగారు పడకండి. పుల్లతో కదపండి. తెట్టు గాజు పెంకుల్లా విడిపోయి అలాగే ఉండిపోతే అది ఇనుమును తినే బ్యాక్టీరియా పొర, మన ఎర్రమట్టి నేలల్లో మామూలే. విడిపోయి మళ్లీ కలుసుకుంటే చమురు.

రెండు జాగ్రత్తలు: మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడవద్దు. పాత గోతుల్లోకి, ట్యాంకుల్లోకి ఎవరినీ దిగనివ్వవద్దు. లోపల ప్రాణవాయువు ఉండకపోవచ్చు. ఒకరు పడిపోతే కాపాడబోయిన రెండోవారూ పడిపోతారు.

మూలం, దారి, మనిషి

ఇప్పుడు ఒక పెద్ద కాగితం మీద బొమ్మ గీయండి. విషం ఎక్కడుంది, ఏ దారిన కదులుతుంది, ఎవరిని చేరుతుంది? మూడూ కలిస్తేనే ముప్పు. దారి తెగితే మూలం ఉన్నా మనిషికి చేరదు. ఆ తర్వాత చేసే పరీక్ష ప్రతిదీ ఈ బొమ్మలోని ఏదో ఒక గీత నిజమో కాదో తేల్చడానికే.

విశాఖలో ఈ బొమ్మకు కొన్ని ప్రత్యేకతలు ఉన్నాయి. మన అడుగు రాయి ఖోండలైటు. పైన శిథిలమై ఎర్రమట్టిగా, బంకమట్టిగా మారి ఉంటుంది. కింద పగుళ్లు. నీళ్లు పైపొరలో నెమ్మదిగా, పగుళ్లలో వేగంగా పోతాయి. అందువల్ల పక్క బోరు బాగున్నంత మాత్రాన అవతలి బోరు బాగుంటుందని చెప్పలేం. పైన పడిన వాన గెడ్డల్లోకి దిగుతుంది. మేహాద్రిగెడ్డ లాంటివి ఓడరేవు నీళ్లలోనే కలుస్తాయి. తీరానికి దగ్గరగా ఉంటే ఆటుపోట్లతో భూగర్భ నీటిమట్టం కూడా లేస్తూ పడుతూ ఉంటుంది, ఉప్పు కూడా చేరుతుంది.

అందరూ మరచిపోయే దారి సెల్లారు. రెండంతస్తుల పార్కింగ్ కోసం తవ్వినప్పుడు ఊరే నీటిని నెలల తరబడి మోటార్లతో తోడి కాలువలోకి వదులుతారు. ఆ తోడకం పక్క స్థలంలోని కలుషిత నీటిని కూడా మీ గోతిలోకి లాగుతుంది. బెంజీన్, ట్రైక్లోరోఇథిలీన్ ఉన్న నేలలో సెల్లారు గోడల పగుళ్లగుండా ఆవిరి లోపలికి చేరుతుంది. ఈ విషం బారిన మొదట పడేది కూడా ఫ్లాటు కొన్నవారు కారు. పునాది గోతిలో చెప్పుల్లేకుండా నిలబడే కూలీ.

నమూనాలు తీయడం

ఐదెకరాలంటే దాదాపు 20,200 చదరపు మీటర్లు. ఇరవై మీటర్లకొక గడి గీస్తే యాభై చోట్ల నమూనా తీయాలి. ఇంత చేసినా, గణితం ప్రకారం 95 శాతం నమ్మకంతో దొరికేది సుమారు 24 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి మచ్చ మాత్రమే. వేపచెట్టు కింది గొయ్యి మూడు మీటర్లు కూడా లేదు. గళ్ల మధ్య నుంచి హాయిగా జారిపోయేది. కాబట్టి గళ్లతోపాటు, కాగితాలూ మనుషులూ కళ్లూ చూపించిన ప్రతిచోటా విడిగా నమూనా తీయండి. డబ్బు తక్కువైతే గళ్లు తగ్గించుకోండి గానీ వీటిని తగ్గించవద్దు.

ఒక్కోచోట ఒకే లోతు చాలదు. పై 15 సెంటీమీటర్లు పిల్లల చేతికి అంటే మట్టి, ధూళిగా లేచే మట్టి. ఆ తర్వాత అర మీటరు, మీటరు, చివరికి పోసిన మట్టి పోయి అసలు నేల తగిలేదాకా. రంగు గానీ వాసన గానీ మారిన పొర ఉంటే దాన్ని విడిగా తీయాలి, పైదానితో కలపకూడదు. నాలుగు చోట్ల మట్టి కలిపి ఒక నమూనాగా పంపడం లోహాల తొలి అంచనాకు ఒప్పుకోవచ్చు. ఆవిరయ్యే రసాయనాలకు మాత్రం చేయకూడదు. కలుపుతుండగానే అవి గాలిలో కలిసిపోతాయి, ల్యాబులో ఏమీ లేదని వస్తుంది.

ఎక్స్‌కిరణాలతో మట్టిలోని లోహాలను కొలిచే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్ఎఫ్ పరికరం అద్దెకు దొరికితే సీసం, జింకు అక్కడికక్కడే తెలుస్తాయి. తడి మట్టి మీద తక్కువ చూపిస్తుంది, తక్కువ మోతాదు కాడ్మియంకు పనికిరాదు. అయినా ల్యాబుకు ఏ నమూనా పంపాలో ఎంచుకోవడానికి దానికి మించినది లేదు.

పోల్చడానికి శుభ్రమైన నేల నుంచి కూడా నాలుగైదు నమూనాలు కావాలి. ఇక్కడ విశాఖలో చాలామంది పొరబడతారు. ఓడరేవు గాలి వీచే చోట బొగ్గు, ఖనిజాల ధూళి పడి ఉంటుంది, అది శుభ్రమైన నేల కాదు. మన ఖోండలైటు ప్రాంతంలో మాంగనీసు, ఇనుము సహజంగానే ఉంటాయి. పొరుగున విజయనగరం వైపు మాంగనీసు గనులే ఉన్నాయి. సహజమైన మాంగనీసును చూసి ఫ్యాక్టరీని తప్పుపట్టడం, ఫ్యాక్టరీ వదిలిన సీసాన్ని సహజమనుకోవడం రెండూ పొరపాట్లే.

నీటికి కనీసం మూడు పరిశీలన బోర్లు, త్రిభుజంలా ఉండాలి. మూడు చోట్ల నీటిమట్టం తెలిస్తేనే నీరు ఎటు పోతోందో లెక్క తేలుతుంది. ఒకటి ఎగువన ఉండాలి, బయటినుంచి వచ్చే కాలుష్యాన్ని మీ నెత్తిన వేసుకోకుండా. మే నెలలో ఒకసారి, అక్టోబర్ వానల తర్వాత ఇంకోసారి తీయండి. లోహాల కోసం తీసిన నీటిని 0.45 మైక్రాన్ల వడపోతతో వడకట్టి నత్రికామ్లం చుక్కలు వేయాలి. ఆరు వేలెన్సీ క్రోమియం అయితే 24 గంటల్లో పరీక్ష కావాలి, శనివారం సాయంత్రం తీస్తే సోమవారానికి అది పనికిరాదు. ఆవిరయ్యే వాటికి సీసా మూతదాకా నింపాలి, లోపల గాలిబుడగ ఉండకూడదు. అన్నీ ఐస్‌పెట్టెలో, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎన్ని గంటలకు వెళ్లాయో సంతకాలతో వెళ్లాలి. ప్రతి పది నమూనాలకు ఒకదాన్ని రెండు భాగాలు చేసి వేరే పేరుతో పంపండి. రెండు ఫలితాలూ దగ్గరగా రాకపోతే ల్యాబును నిలదీయడానికి మీకు హక్కు ఉంటుంది.

ఫలితాలు చదవడం

ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని అడిగితే సరిపోదు. మీరు అడిగే పరీక్షకు, మట్టిలో చేసేందుకు ఆ గుర్తింపు ఉందా అని పత్రం తెరిచి చూడండి. తర్వాత వారు పట్టుకోగల కనిష్ఠ మోతాదు ఎంతో చూడండి. తాగునీటిలో భారతీయ ప్రమాణం ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003 మించకూడదు. ల్యాబు 0.05 కంటే తక్కువ పట్టుకోలేకపోతే, వారు రాసే 'లేదు' అన్న మాటకు విలువ లేదు.

మట్టికి వచ్చేసరికి ఒకే అంకె అన్నిటికీ పనికిరాదు. ఉదాహరణకు కెనడా మార్గదర్శకాల్లో సీసం నివాస నేలలో కిలోకు 140 మిల్లీగ్రాములు, పారిశ్రామిక నేలలో 600. అదే మట్టి గోదాముకు సరిపోవచ్చు, బాలవాడికి సరిపోదు. కాబట్టి అక్కడ ఏం కడతారో చెప్పకుండా నేల బాగుందా అని అడిగితే జవాబు ఉండదు.

ఇంకో గందరగోళం కూడా తరచూ చూస్తాను. మట్టిలో మొత్తం ఎంత సీసం ఉందన్నది ఒక పరీక్ష. ఆమ్లంలో నానబెడితే ఎంత కారుతుందన్నది వేరే పరీక్ష. రెండోది తవ్వి తీసిన మట్టి ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుందా అని తేల్చడానికి, దానికి సీసం హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. ఆ పరీక్ష నెగ్గిన మట్టిని పిల్లలు ఆడుకోవచ్చని చెప్పేవారిని నమ్మకండి. సగటులు కూడా మోసం చేస్తాయి. నలభై తొమ్మిది మంచి చోట్లతో కలిపి సగటు తీస్తే వేపచెట్టు గొయ్యి కూడా మాయమవుతుంది.

ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి

తవ్వి తీయడం అన్నివేళలా మేలు కాదు. ఇరవై మీటర్ల గడి ఒక్కదాన్ని అర మీటరు లోతున తీస్తేనే 200 ఘనపు మీటర్లు, అంటే మూడొందల టన్నులకు పైమాటే. ప్రమాదకరమని తేలితే అది పరవాడ ఫార్మాసిటీలోని శుద్ధి కేంద్రానికి, కప్పిన లారీల్లో, రశీదులతో వెళ్లాలి. రాత్రికి రాత్రి ఏ కొండవాలునో పోయడానికి వీల్లేదు. చిన్న గొయ్యి అయితే తీసేయడమే నయం. పలచగా పరుచుకున్న లోహాలైతే పైన మంచి మట్టి, గచ్చు కప్పి ఆ భాగాన్ని పార్కింగుకు వదలడం, బోరు వేయకుండా ఆంక్ష పెట్టడం కూడా సరైన పరిష్కారమే. ఆ ఆంక్షను విక్రయ పత్రంలో రాయించండి. నోటిమాట రెండో యజమాని దాకా చేరదు.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణపై నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం అనుమానిత స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి నివేదించాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, ఆ తర్వాత మరో మూడు నెలల్లో సవివర సర్వే పూర్తి చేయాలి. శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారిదే. గనులు, అణుధార్మిక వ్యర్థాలు, సముద్రంలో చమురు, ఊరి చెత్తదిబ్బలు ఇందులోకి రావు. 20,000 చదరపు మీటర్లు దాటే నిర్మాణమైతే ఎలాగూ పర్యావరణ అనుమతి కావాలి. మీ నివేదికను ఆ దరఖాస్తుకే జతచేయండి.

చివరి అడుగు ప్రహరీ అవతల ఉంది. మీ బోర్లలో ఏదైనా తేలితే, దిగువన ఉన్న ఇళ్ల బావుల నీటిని కూడా మీ ఖర్చుతోనే పరీక్షించి, ఫలితాన్ని ఇంటింటికీ చేత్తో ఇవ్వండి. ఇంగ్లిష్ పట్టిక ఇస్తే దాచుకుంటారే తప్ప చదవలేరు. ఒకింట్లో ముసలమ్మ ఆ కాగితాన్ని తిరగేసి చూసి, "బాబూ, వంటకు వద్దంటున్నావు, మరి గేదెకు పెట్టొచ్చా?" అని అడిగింది. ల్యాబు నివేదికలో దానికి జవాబు లేదు. అప్పటినుంచి తెలుగులో ఒక పేజీ రాసి ఇస్తున్నాను. ఆ నీళ్లలో ఏముంది, తాగడానికి, వంటకు, స్నానానికి, పశువులకు, మొక్కలకు దేనికి పనికొస్తుంది, దేనికి కాదు, మళ్లీ పరీక్ష ఏ నెలలో చేస్తాం, ఈలోగా తాగునీరు ఎవరు తెచ్చిస్తారు అన్నవి అందులో ఉంటాయి.